వెనక సీటు తీసేస్తే ఫైటర్ అయింది: యాక్-7 కథ

డ్రైవింగ్ స్కూల్ కారు చూసే ఉంటారు. పక్క సీట్లో కూర్చునే మాస్టారి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉంటాయి, నేర్చుకునేవాడు తడబడితే ఆయన అక్కడి నుంచే బండి ఆపేస్తాడు. ఆ కారులోంచి అదనపు పెడల్స్ పీకేసి, పక్క సీటు తీసేసి, దాన్నే రేసుకు పంపితే ఎలా ఉంటుంది? 1941 ఆగస్టులో మాస్కో పక్కనున్న ఖిమ్కీలో, 301వ నంబరు ఫ్యాక్టరీలో ఇంచుమించు ఇదే పని చేశారు. ఇద్దరు కూర్చునే శిక్షణ విమానంలో వెనక ఉన్న స్టీరింగ్ సరంజామా అంతా పీకేశారు, ముందు సీటు వీపు వెనక ఉక్కు పలక పెట్టారు, ముక్కులో ఫిరంగి బిగించారు. అలా పుట్టింది సోవియట్ ఫైటర్ విమానం యాక్-7. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోపు అన్ని రకాలూ కలిపి 6,399 తయారయ్యాయి, దాని కడుపున పుట్టిన యాక్-9 అయితే యుద్ధం తర్వాత చేసినవాటితో కలిపి 16,769.

మామూలుగా ఏ దేశంలోనైనా ఇది ఎదురు దారిలో జరుగుతుంది. ముందు ఫైటర్ తయారవుతుంది, అది కొత్త పైలట్లను చంపడం మొదలుపెడుతుంది, అప్పుడు దానికి రెండో సీటు తగిలించి ట్రైనర్ చేస్తారు. సోవియట్ యూనియన్‌లోనే పొలికార్పొవ్ ఐ-16 సంగతి తీసుకోండి, పొట్టిగా, బొద్దుగా, క్షణంలో అటూ ఇటూ తిరిగిపోయే విమానం, చెయ్యి కాస్త గట్టిగా పడితే చాలు అదుపు తప్పేది. దానికోసమే యూటీఐ-4 అని రెండు సీట్ల రకం చేయాల్సి వచ్చింది. ట్రైనర్ నుంచి ఫైటర్ రావడం మాత్రం అరుదు, వచ్చినా ఎక్కువగా గతిలేక చేసిన పనిగానే మిగిలిపోతుంది. యాక్-7 కూడా గతిలేకే పుట్టింది, కాకపోతే అది అంతటితో ఆగలేదు.

ఎందుకు ఆగలేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఈ విమానం డిజైనర్ అలెగ్జాండర్ యాకోవ్లెవ్ మొదట్లో ఫైటర్ల మనిషి కాదు. 1927లో ఏఐఆర్-1 అనే చిన్న రెండు రెక్కల అంతస్తుల విమానంతో మొదలుపెట్టి, పదేళ్లకు పైగా ఆయన ఎక్కువగా చేసినవి స్పోర్ట్స్ విమానాలు, శిక్షణ విమానాలే. యూటీ-2 అనే ఆయన ట్రైనర్ మీద ఆ తరం సోవియట్ పైలట్లు వేలమంది ఎగరడం నేర్చుకున్నారు. అంటే కొత్తవాడు ఎక్కడ తప్పు చేస్తాడు, దిగేటప్పుడు ఎక్కడ భయపడతాడు, విమానం వాడిని ఎంతవరకు క్షమించాలి అనేది ఆ డిజైన్ బృందానికి బాగా తెలిసిన విద్య. ఆ బృందం చేసిన మొదటి ఫైటర్ ఐ-26, తర్వాత యాక్-1 అని పేరు మార్చుకున్నది ఇదే. 1940 జనవరి 13న మొదటిసారి ఎగిరింది. నడిపింది యూలియన్ పియోంత్కోవ్‌స్కీ, ఏఐఆర్-1 రోజుల నుంచి యాకోవ్లెవ్ విమానాలన్నిటికీ ఆస్థాన పైలట్ లాంటివాడు. అదే ఏడాది ఏప్రిల్ 27న అదే ఐ-26 కూలి ఆయన చనిపోయాడు.

అయినా పని ఆగలేదు. ఆపేంత తీరిక ఆ ఏడాది మాస్కోలో ఎవరికీ లేదు. ఐ-26 ఇంకా పరీక్షల్లో ఉండగానే దాని రెండు సీట్ల తమ్ముడి పని మొదలైంది, యూటీఐ-26, అదీ 1940 జూలై 23న గాల్లోకి లేచింది. ఎందుకంత తొందరంటే, పాత ఐ-16, రెండు రెక్కల అంతస్తుల ఐ-153 నడిపినవాళ్లకు కొత్త తరం విమానం పూర్తిగా వేరే జంతువు. పొడవాటి ముక్కు, అందులో నీళ్లతో చల్లబడే వీ-12 ఇంజిన్ (వీ ఆకారంలో రెండు వరుసలుగా పన్నెండు సిలిండర్లు), నేల మీద ఉన్నప్పుడు ఎదురుగా ఏమీ కనపడదు, దిగే వేగం కూడా ఎక్కువ. ఒక్కడినే కూర్చోబెట్టి పంపితే సగం విమానాలు రన్‌వే మీదే పోతాయన్న భయం ఉంది. కాబట్టి వెనక ఒక మాస్టారు కావాలి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది, దాన్ని కాస్త నిదానంగా చూద్దాం. ఒంటి సీటు విమానంలో వెనక ఇంకో మనిషిని, ఇంకో సీటును, ఇంకో స్టిక్కును (విమానాన్ని తిప్పే కడ్డీ) పెడితే బరువు తోక వైపు జరుగుతుంది. బరువు మరీ వెనక్కి జరిగిన విమానం తూకం తప్పిన కావడి లాంటిది, ముక్కు ఎప్పుడు పైకి లేస్తుందో చెప్పలేం. దానికి యాకోవ్లెవ్ బృందం చేసిన పని చాలా చిన్నది: రెక్కను 100 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. పది సెంటీమీటర్లు, అంతే, చేతి వెడల్పంత. దాంతో వెనక మనిషి ఉన్నా లేకున్నా తూకం సరిపోయేలా కుదిరింది. శిక్షణ విమానం రోజుకు ఎన్నోసార్లు దబ్బున నేలను కొడుతుంది కాబట్టి ల్యాండింగ్ గేర్ గట్టిగా చేశారు, చక్రాలు పెద్దవి వేశారు. ఇంకొకటి, ఇది మెకానిక్కులు మెచ్చుకున్న సంగతి: యాక్-1లో ఇంజిన్ మోసే చట్రం విమానం ఒంటి గొట్టాలతో కలిపి వెల్డింగ్ చేసేసి ఉండేది, ట్రైనర్‌లో మాత్రం దాన్ని విడిగా, బోల్టులు విప్పితే ఊడొచ్చేలా చేశారు. శిక్షణలో ఇంజిన్లు త్వరగా అరిగిపోతాయి, మార్చడం తేలికగా ఉండాలి కదా.

ఇవన్నీ స్కూల్ కోసం చేసిన మార్పులే, దీన్ని యుద్ధానికి పంపాలన్నది ఎవరి బుర్రలోనూ లేదు. ఉత్పత్తిలోకి వచ్చాక దీనికి యాక్-7యూటీఐ అని పేరు పెట్టారు, 1941 మే నెలలో మొదటి విమానం 301వ ఫ్యాక్టరీ గేటు దాటింది. ఆ ఫ్యాక్టరీ కథ కూడా సరదాగా ఉంటుంది. అది అంతకుముందు ఫర్నిచర్ ఫ్యాక్టరీ, స్టాలిన్ కట్టాలనుకున్న బ్రహ్మాండమైన సోవియట్ల భవనానికి కుర్చీలు బల్లలు చేయాల్సిన చోటు. భవనం లేవలేదు, వడ్రంగులు మాత్రం విమానాల పనిలో పడ్డారు. అప్పట్లో సోవియట్ ఫైటర్ అంటే సగానికి సగం చెక్కపనే కాబట్టి ఆ చేతులు బాగానే పనికొచ్చాయి.

జూన్ 22న జర్మనీ దాడి చేసింది. మొదటి రోజుల్లోనే సరిహద్దు ఎయిర్‌ఫీల్డులలో నిలబెట్టిన విమానాలు వందల సంఖ్యలో నేల మీదే కాలిపోయాయి. ఫైటర్లు కావాలి, ఎన్ని ఉన్నా చాలవు. అలాంటప్పుడు ఖిమ్కీలో ఉన్న యాకోవ్లెవ్ మనుషుల పెద్ద కె.వి. సినెల్షికోవ్‌కు వచ్చిన ఆలోచన: మనం రోజూ చేస్తున్న ఈ ట్రైనర్‌నే ఫైటర్ చేస్తే? యాకోవ్లెవ్‌కు మొదట ఇది రుచించలేదు. రుచించకపోవడంలో వింతేమీ లేదు, చేతిలో యాక్-1 ఉండగా దాని బరువైన తమ్ముడిని యుద్ధానికి పంపడమేమిటని ఎవరైనా అనుకుంటారు. కానీ మార్చిన విమానం కళ్లముందు నిలబడ్డాక ఆయన మనసు మారింది.

ఏం మార్చారు? వెనక కాక్‌పిట్‌లోని కంట్రోల్స్ తీసేశారు. పైలట్ వీపు వెనక కవచం. తూటా తగిలినా తనంతట తాను మూసుకుపోయే పొర చుట్టిన ఇంధన ట్యాంకులు, వాటిలో మంట అంటుకోకుండా జడ వాయువు నింపే ఏర్పాటు. 20 మి.మీ. ష్వాక్ ఫిరంగి ఇంజిన్ రెండు వరుసల సిలిండర్ల మధ్యలోంచి వెళ్లి సరిగ్గా ప్రొపెల్లర్ నడిబొడ్డులోంచి పేలుతుంది, దానికి 120 గుండ్లు. ముక్కు మీద రెండు 7.62 మి.మీ. ష్కాస్ మెషిన్ గన్లు, రెక్కల కింద ఆరు ఆర్ఎస్-82 రాకెట్లు. ఇంజిన్ మాత్రం అదే, ఫ్రెంచి హిస్పానో-సూయిజా లైసెన్సు నుంచి ఇంజిన్ల డిజైనర్ క్లిమోవ్ పెంచి పెద్ద చేసిన ఎం-105.

వెనక కాక్‌పిట్ మాత్రం అలాగే వదిలేశారు. ఖాళీగా.

మొదట్లో అది కేవలం టైమ్ లేక వదిలేసిన ఖాళీ. ఒళ్లంతా మళ్లీ గీసి, కొత్త అచ్చులు చేయించి, దాన్ని మూసేయాలంటే నెలలు పట్టేది, జర్మన్లు అన్ని నెలలు ఇచ్చేలా లేరు. కానీ వాడకంలోకి వచ్చాక ఆ గొయ్యికి ఎన్ని ఉపయోగాలున్నాయో ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ఎయిర్‌ఫీల్డ్ మారేటప్పుడు మెకానిక్‌ను అందులోనే కూర్చోబెట్టుకుని వెళ్లొచ్చు. 1941 చివర్లో రెజిమెంట్లు తూర్పుకు వెనక్కి జరుగుతూనే ఉన్న రోజుల్లో ఇదేమీ చిన్న విషయం కాదు, విమానం చేరి మెకానిక్ లారీలో బురదలో ఇరుక్కుపోతే ఆ విమానం మర్నాడు ఎగరదు. సామాను పెట్టుకోవచ్చు. అదనపు ట్యాంకు పెట్టుకోవచ్చు.

1941లో తయారైన యాక్-7 ఫైటర్లు 62 మాత్రమే. ఎందుకంటే అక్టోబరులో జర్మన్లు మాస్కో ముంగిట్లోకి వచ్చేశారు, 301వ ఫ్యాక్టరీ యంత్రాలు విప్పి రైళ్లకెక్కించి సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌కు తరలించారు, అక్కడి 153వ ఫ్యాక్టరీలో కలిపేశారు. 1942లో అదే యాక్-7కు ప్రధాన కేంద్రం అయింది.

ఇక్కడ ఒక పక్క కథ చెప్పకుండా ఉండలేం. 153వ ఫ్యాక్టరీ అప్పటిదాకా చేస్తున్నది ఇంకో సోవియట్ డిజైనర్ లావోచ్కిన్ బృందం గీసిన లాగ్-3 ఫైటర్. ఆ విమానం బరువెక్కువ, ఇంజిన్ బలం తక్కువ, పైలట్లు దాన్ని తిట్టుకోని రోజు లేదు. నోవోసిబిర్స్క్ ఒక్కటే కాదు, లావోచ్కిన్‌కు గుండెకాయ లాంటి గోర్కీలోని 21వ ఫ్యాక్టరీని కూడా యాక్-7కు అప్పగించాలని 1942 తొలి నెలల్లో పైనుంచి ఆదేశం వచ్చింది. లావోచ్కిన్ బృందం పెట్టేబేడా సర్దుకోవాల్సిన పరిస్థితి. ఆ ఆఖరి క్షణంలో వాళ్లు లాగ్-3 ముక్కుకు ఎం-82 అనే గుండ్రటి, గాలితో చల్లబడే ఇంజిన్ తగిలించి చూపించారు, అది లా-5 అయింది, పేరు మోగిపోయింది. గోర్కీలో యాక్-7లు ఐదంటే ఐదు తయారై ఆగిపోయాయి. అంటే స్కూల్ విమానం నుంచి వచ్చిన ఈ యాక్-7 ఇంకొంచెం త్వరగా గోర్కీలో పాతుకుపోయి ఉంటే, సోవియట్ వాయుసేనకు లా-5, లా-7 అనేవే ఉండేవి కావేమో. యాకోవ్లెవ్ అప్పటికి విమాన పరిశ్రమ శాఖలో డిప్యూటీ మంత్రి స్థాయి పదవిలో ఉన్నాడన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. తన డిజైన్లకే ఫ్యాక్టరీలు ఇప్పించుకున్నాడన్న గుసగుసలు ఆయన్ను జీవితాంతం వదల్లేదు. నిజమెంతో గానీ, గుసగుసకు తావిచ్చే కుర్చీలో ఆయన కూర్చున్న మాట వాస్తవం.

సరే, విమానం ఎలా ఎగిరేది? యాక్-1తో పోలిస్తే నడపడం తేలిక, దిగేటప్పుడు నిలకడ, గిరికీలు కొట్టడం మొదలైతే బయటకు తీయడం సులువు. 1941-42లో సోవియట్ ఫ్లయింగ్ స్కూళ్లు కోర్సులు కుదించేసి, కుర్రాళ్లను చాలీచాలని అనుభవంతో ఫ్రంట్‌కు పంపుతున్నాయి. జర్మన్ల ఫైటర్ మెస్సర్‌ష్మిట్ 109ఎఫ్ వేగంలోనూ, పైకి ఎక్కడంలోనూ యాక్-7ను మించినదే, ఇందులో దాపరికం లేదు. కానీ నిన్నగాక మొన్న స్కూల్ వదిలిన వాడికి గంటకు ఇరవై కిలోమీటర్లు ఎక్కువ ఇచ్చే విమానం కంటే, కంగారులో స్టిక్ గట్టిగా లాగినా తిరగబడని విమానమే ప్రాణం కాపాడుతుంది. వేగం గురించి పేజీలు రాసే విమాన పిచ్చోళ్లు ఈ లెక్కను తరచుగా మర్చిపోతారు.

లోపాలు లేవని కాదు. బరువు యాక్-1 కంటే ఎక్కువ. ఎత్తైన వీపు వల్ల మొదటి రకాల్లో వెనక చూపు దాదాపు సున్నా, వెనక నుంచి వచ్చి కొట్టేవాడే ఎక్కువగా చంపే ఈ వృత్తిలో అది ప్రాణాంతకం. 1942లో వచ్చిన యాక్-7ఏ, అందులో 277 చేశారు, వెనక కాక్‌పిట్‌ను ప్లైవుడ్ మూతతో కప్పింది. ఆ తర్వాత యాక్-7బీ, అసలైన ఉత్పత్తి రకం ఇదే, 5,120 తయారయ్యాయి. చిన్న మెషిన్ గన్ల స్థానంలో రెండు 12.7 మి.మీ. గన్లు వచ్చాయి. తర్వాత ఎం-105పీఎఫ్ ఇంజిన్ వచ్చింది. దీని సూత్రం చెప్పుకోదగ్గది: ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువ ఒత్తిడితో తోసి, కింది ఎత్తుల్లో బలం పెంచారు, పై ఎత్తుల్లో బలం తగ్గినా పోనిమ్మన్నారు. బ్రిటన్ మీద, జర్మనీ మీద పోరాటాలు ఏడెనిమిది కిలోమీటర్ల ఎత్తున జరిగితే, తూర్పు ఫ్రంట్‌లో చాలావరకు నాలుగైదు కిలోమీటర్ల లోపే, కింద ట్యాంకులు కొట్టుకుంటుంటే వాటి పైనే. అక్కడ ఏ ఎత్తున బలం కావాలో ఆ ఎత్తుకే ఇచ్చారు. చివరి బ్యాచ్‌ల్లో వీపు కోసేసి, చుట్టూ కనపడే అద్దం గుమ్మటం పెట్టారు.

ఇక ఆ ఖాళీ దగ్గరికి మళ్లీ వద్దాం, అసలు కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

పైలట్ వెనక చోటు ఉంటే డిజైనర్‌కు ఏం చిక్కుతుందో యాక్-7 మీద జరిగిన ప్రయోగాల జాబితా చూస్తే అర్థమవుతుంది. యాక్-7-37 అని 22 విమానాలు చేశారు, ముక్కులో 37 మి.మీ. ఫిరంగి. అంత పొడవాటి, బరువైన ఫిరంగి పట్టాలంటే కాక్‌పిట్‌ను 400 మి.మీ. వెనక్కి జరపాలి. ఒంటి సీటు ఫైటర్లో అలా జరపడానికి జాగా ఉండదు, ఇందులో మాస్టారి సీటు ఖాళీగానే ఉంది, జరిపేశారు. విడిగా బోల్టులతో ఊడే ఇంజిన్ చట్రం ఉంది కాబట్టి ఎం-82 ఇంజిన్ తగిలించి చూశారు. 1944లో ఒక రెండు సీట్ల యాక్-7 రెక్కల కింద రామ్‌జెట్‌లు (ఎదురుగాలి వేగంతోనే గాలిని నొక్కి మండించే జెట్ ఇంజిన్లు) కట్టి ఎగరేశారు, వెనక సీట్లో ఇంజినీరు కూర్చుని కొలతలు రాసుకోవడానికి వీలుండటం అందుకు బాగా కలిసొచ్చింది. దూరాలు పోయే రకం యాక్-7డీ, దానికి ఇంధనం 925 లీటర్లు.

యాక్-7డీఐలో ఇవన్నీ ఒక దారికి వచ్చాయి. అప్పటిదాకా రెక్కలోని దూలాలు చెక్కవి, లావుగా ఉండేవి. వాటి స్థానంలో సన్నటి, తేలికైన డ్యూరాలుమిన్ (అల్యూమినియం మిశ్రమ లోహం) దూలాలు పెట్టారు, దాంతో రెక్కలో ట్యాంకులకు జాగా దొరికింది, బరువూ తగ్గింది. ఇదే 1942 అక్టోబరు నుంచి యాక్-9 పేరుతో ఉత్పత్తిలోకి వెళ్లి, ఆ చలికాలానికే స్టాలిన్‌గ్రాడ్ చేరింది. యాక్-9 ఒక విమానం అనడం కంటే ఒక కుటుంబం అనడం సబబు. యాక్-9టీలో యాక్-7-37 పాఠమే, కాక్‌పిట్ 400 మి.మీ. వెనక్కి, ముక్కులో 37 మి.మీ. ఫిరంగి, గుండ్లు ముప్పై చిల్లర. రెండు మూడు గుండ్లు పేల్చేసరికి విమానం గుంజుకుని గురి తప్పిపోయేది, కాబట్టి చెయ్యి తిరిగినవాడి చేతిలోనే అది ఆయుధం. యాక్-9బీలో ఆ వెనక ఖాళీలో నిలువు గొట్టాలు పెట్టి నాలుగు 100 కిలోల బాంబులు నిలబెట్టారు. ఒకప్పుడు మాస్టారు కూర్చున్న చోట బాంబులు! యాక్-9డీడీ రెండు వేల కిలోమీటర్లకు పైగా పోగలిగేది. 1944 ఆగస్టులో వాటిలో 12 విమానాలు నేటి మోల్డోవాలోని బాల్టి నుంచి ఆగకుండా ఎగిరి ఇటలీలోని బారిలో దిగాయి, యుగోస్లావియా గెరిల్లాలకు సరుకులు మోసే రవాణా విమానాలకు కాపలాగా.

కాగితం మీద బాగున్నవన్నీ ఫ్రంట్‌లో బాగుండవు, అది కూడా చెప్పాలి. ఎక్కువ దూరం పోయే యాక్-9డీ ఇచ్చినా, రోజూ ఇరవై నిమిషాల దూరంలో పోరాడే రెజిమెంట్‌కు ఆ ఇంధనమంతా మోత బరువే, అందుకే చాలాచోట్ల రెక్కల చివరి ట్యాంకులు నింపకుండానే ఎగిరేవారు.

చెక్క కూడా ఒకసారి ప్రాణం మీదికి తెచ్చింది. 1943 వేసవిలో, కుర్స్క్ యుద్ధానికి నెల ముందు, యాక్‌ల రెక్కల మీది గుడ్డ, దాని కింద ప్లైవుడ్ గాల్లోనే లేచిపోవడం మొదలైంది. రంగు తయారుచేసే ఫ్యాక్టరీ సరిగా పరీక్షించని ప్రత్యామ్నాయ పదార్థం వాడింది, అది పగిలి తేమ లోపలికి దిగి అతుకు ఊడిపోయింది. యాకోవ్లెవ్ తర్వాత రాసుకున్న ప్రకారం, స్టాలిన్ పగిలిన ముక్కలు ముందు పడేసి ఇది ఎవరికోసం చేస్తున్నారని గర్జించాడు. ఆయన్ను అంత కోపంలో ఎప్పుడూ చూడలేదట. ఫ్యాక్టరీల నుంచి మనుషులు ఎయిర్‌ఫీల్డులకు పరిగెత్తి, కొన్ని వారాల్లో వందల రెక్కలు బాగుచేశారు. ఖిమ్కీ వడ్రంగుల వారసత్వానికి ఇది చీకటి ముఖం.

ఇలాంటి మార్పిడి ఇంకెక్కడా జరగలేదా అంటే జరిగింది. జపాన్ ముంచుకొస్తోందన్న భయంతో ఆస్ట్రేలియా వాళ్లు తమ విర్రవే ట్రైనర్ భాగాలతో బూమరాంగ్ అనే ఫైటర్ చేశారు, 1942 మేలో ఎగిరింది, 250 తయారయ్యాయి. పాపం, ఒక్క శత్రు విమానాన్ని కూడా కూల్చిన లెక్క దాని ఖాతాలో లేదు, కింద సైన్యానికి సాయం చేసే పనిలో మాత్రం పనికొచ్చింది. తేడా ఎక్కడుందో తేలికగానే కనిపిస్తుంది. విర్రవే పుట్టుకతోనే ట్రైనర్, దాని ఎముకల్లో ఫైటర్ లేదు. యాక్-7యూటీఐ మాత్రం ఫైటర్‌కు పుట్టిన బిడ్డ, కొన్నాళ్లు స్కూల్‌కు వెళ్లి, గట్టి కాళ్లు, సరైన తూకం, వెనక కాస్త చోటు సంపాదించుకుని మళ్లీ ఇంటి వృత్తిలోకి వచ్చింది. కాబట్టి "ట్రైనర్‌ను ఫైటర్ చేశారు" అన్న మాట సగమే నిజం.

ఈ మార్పిడికి స్కూళ్లు మాత్రం మూల్యం చెల్లించాయి. యాక్-7యూటీఐలు 186 దగ్గరే ఆగిపోయాయి, ఫైటర్ కావాలన్న తొందరలో ట్రైనర్ల లైను మూతపడింది. 1942కల్లా కొరత కొట్టొచ్చినట్టు కనపడింది. దాంతో యాక్-7వీ అని మళ్లీ ఒక చవకైన ట్రైనర్ తీశారు, చక్రాల కాళ్లు ముడుచుకోవు, తుపాకులు లేవు, 510 కొత్తగా చేశారు. అదీ చాలక ఇంకో 87 యాక్-7బీలను పట్టుకొచ్చి, ఫైటర్‌గా మారినప్పుడు మూసేసిన ఆ గొయ్యి మూత తీసి, లోపల మళ్లీ సీటు బిగించి, మళ్లీ ఒక స్టిక్ పెట్టి, మాస్టార్లను వెనక్కి పిలిచారు. యాక్-9కు కూడా చివరికి యాక్-9వీ అనే రెండు సీట్ల రకం వచ్చింది, వెనక సీటు సరిగ్గా పాత చోటునే.